ఫుకెట్‌లో బీచ్ పక్కన విల్లా మన ఇండియన్ పాస్‌పోర్ట్ మీద కొనొచ్చా?

అన్నా, మీరు కావలి నుంచి అడిగింది ఇదే గదా, ఫుకెట్‌లో బీచ్ పక్కన స్థలంతో కలిపి విల్లా ఉండాది, ఏజెంటేమో అక్కడ ఒక కంపెనీ పెట్టి దాని పేరు మీద రాయిస్తానంటాడు, అది వద్దంటే 90 ఏళ్ళ లీజు అంటాడు, ఏది మేలు అని. రెండింట్లో దేనికీ ఒప్పుకోబాకండి. థాయ్‌లాండ్‌లో మనలాంటి బయటి దేశపోళ్ళ పేరు మీద భూమి రాయరు, 1954 ల్యాండ్ కోడ్ నుంచీ మామూలు మనిషికి అట్నే ఉండాది. మనం సొంతంగా కొనగలిగేది బిల్డింగులో ఫ్లాటు, అక్కడ కాండో అంటారు, దానికి 1979లో వచ్చిన చట్టం వేరే ఉండాది. నేనూ మా ఆవిడా హువా హిన్ అనే థాయ్ బీచ్ ఊళ్ళో తీసుకుంది అదే.

నేను రొయ్యల మేత, సీడు యాపారం మీద థాయ్‌లాండ్ పోయొస్తా ఉండేవాణ్ణి. అక్కడ బాగా తెలిసినాయన ఒకరు స్థలం నా పేరు మీద కొను, మనిద్దరం వేరే కాయితం రాసుకుందాం అన్నాడు, మనిషి మంచోడే, ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం, అయినా నేను వద్దన్నా. మన సముద్రం పక్క ఊళ్ళల్లో డీకేటీ పట్టా భూములు, అంటే సర్కారు పేదోళ్ళకి ఇచ్చినవి, స్టాంపు పేపర్ల మీద కొని చెరువులు తవ్వినోళ్ళని చూళ్ళేదా, 1977 చట్టం కింద ఆ అమ్మకాలే చెల్లలేదు, డబ్బు మనది, పేరు ఇంకొకళ్ళది, రేపు ఆ ఇంట్లో ఎవురన్నా అడ్డం తిరిగితే మన చేతిలో ఏముంటది. కంపెనీ పద్ధతి కూడా ఇంతే. కంపెనీలో మన వాటా 49 శాతం దాటకూడదు, మిగతాది థాయ్ వాళ్ళదై ఉండాల, వాళ్ళు సొంత డబ్బు పెట్టకుండా ఊరికే పేర్లు ఇచ్చినోళ్ళయితే అది నేరం, భూమి అమ్మేయమని ఆర్డర్ వస్తది, జైలు దాకా పోవచ్చు. 90 ఏళ్ళ లీజు అనేది కూడా చట్టంలో లేదు, ఇల్లూ స్థలమూ లీజుకిచ్చేది గరిష్ఠంగా 30 ఏళ్ళే, మూడేళ్ళు దాటితే ల్యాండ్ ఆఫీసులో రిజిస్టర్ చేయాల, మిగతా 60 ఏళ్ళు ఓనర్ ఇచ్చే మాట మాత్రమే, ఆయన పోయినాక వాళ్ళ పిలకాయలు ఆ మాట మీద నిలబడతారని ఎవురు చెప్పగలరు.

కాండో అయినా అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకటి చూడాల. బిల్డింగు మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం వరకే ఫారినర్ల పేరు మీద ఉండొచ్చు. బీచ్ దగ్గర బిల్డింగుల్లో ఆ కోటా తొందరగా అయిపోతది, అప్పుడు మిగిలిన ఫ్లాటుని లీజు మీద అంటగడతారు. బిల్డింగు ఆఫీసోళ్ళ దగ్గర కోటా ఉందని లెటర్, మెయింటెనెన్స్ బాకీ లేదని ఇంకో లెటర్ అడిగి తీసుకోండి, రిజిస్ట్రేషన్ రోజు ల్యాండ్ ఆఫీసులో ఎట్టాగూ అవి అడుగుతారు. ట్రాన్స్‌ఫర్ ఫీజు 2 శాతం, అది ఎవురు కట్టేదీ అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.

ఇంక డబ్బు సంగతి, ఇక్కడే మనోళ్ళు ఎక్కువ మంది ఇరుక్కుంటారు కాబట్టి నిదానంగా చదవండి. డబ్బు బయటి దేశం నుంచి ఫారిన్ కరెన్సీలోనే అక్కడికి పోవాల, దాన్ని బాత్‌లోకి, అంటే థాయ్ డబ్బులోకి, మార్చేది థాయ్‌లాండ్‌లో బ్యాంకే. మేం నెల్లూరు బ్రాంచిలో కూర్చుని డాలర్లలోనే పంపమని పట్టుబట్టాం, పంపేటప్పుడు కాండో కొనడానికి అని, కొనేవాళ్ళ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించాం. దాన్ని చూసి థాయ్ బ్యాంకు ఫారిన్ ఎక్స్‌ఛేంజ్ ట్రాన్సాక్షన్ ఫారం ఇస్తది, మొత్తం చిన్నదయితే క్రెడిట్ నోట్ లాంటి లెటర్ ఇస్తది, అది లేకుండా ల్యాండ్ ఆఫీసులో ఫారినర్ పేరు ఎక్కించరు. ఇక్కడ రూపాయలు ఇస్తే అక్కడ బాత్ ఇస్తాం అనేవాళ్ళు మన ఊళ్ళల్లోనే ఉండారు, దయచేసి వాళ్ళ జోలికి పోబాకండి, ఆ ఫారం రాదు సరిగదా మన దగ్గర ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం, కింద కేసు కూడా.

రిజర్వ్ బ్యాంక్ ఎల్‌ఆర్‌ఎస్ కింద, అంటే బయటి దేశాలకి డబ్బు పంపుకునే పథకం కింద, మనిషికి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లు పంపొచ్చు, మీరూ వదినా కలిసి పంపాలంటే ఫ్లాటు ఇద్దరి పేర్ల మీదా రాయించుకోండి. దీని కోసం మన బ్యాంకు లోన్ ఇవ్వదు, సొంత డబ్బే ఉండాల. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షలు దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్, పట్టుకుంటారు, అంటే ఒక్కళ్ళే 50 లక్షలు పంపితే 8 లక్షలు అదనంగా చేతిలో ఉండాల. రిటర్న్ వేసినప్పుడు ట్యాక్స్‌లో సర్దుకోవడమో రీఫండో అవుతది, పోయే డబ్బు కాదు, కానీ అన్ని నెలలు ఇరుక్కుంటది, రొయ్యల మీద బతికేవాళ్ళకి పంట పెట్టుబడి టైములో అది చిన్న సంగతి కాదు. ఆ రిటర్న్‌లో బయటి దేశాల్లో ఆస్తులు చూపించేదానికి షెడ్యూల్ ఎఫ్ఏ అని ఉంటది, ఆ ఫ్లాటు అద్దె రాకపోయినా ప్రతి ఏడాదీ దాంట్లో చూపించాల్సిందే, చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షలు పెనాల్టీ వేయొచ్చు. మన ఊరి ఆడిటర్‌కి అలవాటు లేకపోతే తెలిసినోళ్ళని చూసుకోండి.

పిలకాయల కోసం కొంటున్నా అన్నారు, అది కూడా ఇప్పుడే ఆలోచించండి. కాండో వారసులకి వస్తది, కానీ వాళ్ళకి అక్కడి చట్టం ప్రకారం అర్హత లేకపోతే ఏడాది లోపల అమ్మేయాల. లీజయితే అంతకన్నా కష్టం, లీజు తీసుకున్నాయన పోతే అక్కడితో అయిపోతది, వారసులకి కొనసాగేట్టు అగ్రిమెంట్‌లో రాసుంటే తప్ప. మేం అక్కడి లాయర్ దగ్గర ఆ ఫ్లాటు వరకు థాయ్ భాషలో వీలునామా రాయించి పెట్టాం.

ఏజెంట్ మీకు పంపిన అగ్రిమెంట్‌లో కొనేవాళ్ళ పేరు దగ్గర మీ పేరుందా, కంపెనీ పేరుందా, చూసి ఇక్కడే కింద రాయండన్నా, అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా కట్టబాకండి.