సున్నం చల్లాక ఘాటు ఎందుకు పెరిగింది? (కోళ్ల పెంపకం: ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మాది 5 వేల బ్రాయిలర్ల షెడ్డు. మూడో వారం దాటేసరికి ముక్కు మండిపోయే ఘాటు. ఊక మీద సున్నం చల్లితే ఇంకా ఎక్కువైంది. జియోలైట్ చల్లమని షాపులో చెబుతున్నారు. ఎంత చల్లాలి?
– ఒక రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఘాటు పెరిగింది సున్నం వల్లే. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విడగొడితే అమ్మోనియా పుడుతుంది. లిట్టర్‌లో (కోళ్ల కింద పరిచిన ఊక, రెట్ట కలిసిన పరుపులో) పుల్లదనం ఉన్నంతవరకూ అది అక్కడే అణిగి ఉంటుంది, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 7 దాటితే గాలిలోకి లేస్తుంది. సున్నం, కట్టెల బూడిద రెండూ పీహెచ్ పెంచేవే. బ్యాచ్ వెళ్లిపోయి, లిట్టర్ ఎత్తేసి, నేల కడిగాక సున్నం వాడండి. కోళ్లు లోపలుండగా వద్దు. అప్పుడు చల్లాల్సి వస్తే సూపర్ ఫాస్ఫేట్ నయం. 100 చదరపు అడుగులకు కిలో చొప్పున చల్లి, కోళ్లు ఏరుకు తినకుండా లిట్టర్‌లో బాగా కలియబెట్టాలి.

ఇక జియోలైట్. ఈ ఖనిజం అమ్మోనియాను పట్టి ఉంచే మాట నిజమే. కానీ ఎంత పడుతుందో లెక్క వేసుకోండి. మంచి రకమైనా కిలోకి 20–25 గ్రాములు మించదు. అంటే 50 కిలోల బస్తా మొత్తానికి ఓ కిలో, కిలోంబావు. ఒక్కో కోడి రెండు కిలోలు తూగేసరికి రెట్టలో పోయే నత్రజని సుమారు 45 గ్రాములు, మీ 5 వేల కోళ్లకు రెండు క్వింటాళ్ల పైమాటే. అదంతా అమ్మోనియాగా మారదనుకోండి. అయినా నాలుగు బస్తాలు తెచ్చి షెడ్డంతా పలచగా చల్లడం డబ్బు దండగే.

తడి ఎక్కువుండే చోటే వాడండి. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ పైపు లైన్ల కింద గట్టిపడిన పెచ్చు ఎత్తేసి, పది కిలోల కొత్త ఊకకు ఒకటి రెండు కిలోల జియోలైట్ కలిపి పరవాలి. 1–3 మిల్లీమీటర్ల రవ్వ రకమే కొనండి. మెత్తటి పొడి అయితే దుమ్ము లేచి కోళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రూడింగ్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచి పెంచే దశలో) మొదటి రోజుల్లో పిల్లలు రవ్వ ఏరుకు తింటాయి కాబట్టి పైన పేపరు పరచాలి. జియోలైట్ పేరుతో సోడియం బెంటొనైట్ అనే మట్టిని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. చెంచాడు గ్లాసు నీళ్లలో వేసి కాసేపు చూడండి. జియోలైట్ ఉబ్బకుండా అడుగున కూర్చుంటుంది. సోడియం బెంటొనైట్ ఉబ్బి జావలా అవుతుంది, అది లిట్టర్‌లో పడితే బంక మట్టే.

ఇంతకీ తడి ఎక్కడిది? గుప్పెడు లిట్టర్ పిసికి వదలండి. ముద్దగానే ఉండిపోతే తేమ ఎక్కువున్నట్టు, మెల్లగా విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. కారే నిపుళ్లు, కోడి ఎత్తుకు తగ్గట్టు పైకి లేపని లైను, రాత్రంతా బిగించిన పరదాలు, దాణాలో ఎండు చేపతో వచ్చే అదనపు ఉప్పు: ముందు వీటిని చూసుకోవాలి. అమ్మోనియా 25 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 25) దాటకూడదు, 10 లోపుంటే మేలు. రోజంతా షెడ్డులో ఉండేవారి ముక్కుకు ఆ వాసన అలవాటైపోతుంది. అందుకే పొద్దున పరదాలు తీయకముందే బయటి మనిషిని తీసుకెళ్లి, కోడి ఎత్తున కూర్చోబెట్టి అడగండి.

ప్రశ్న: దాణా సొంతంగా కలుపుకుంటాం. వానకు తడిసిన మొక్కజొన్నకు కాస్త బూజు పట్టింది. బెంటొనైట్ కలిపి వాడేయొచ్చా?
– ఏలూరు జిల్లా

జవాబు: ముందు శాంపిల్ ల్యాబుకు పంపండి. బ్రాయిలర్ దాణాలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం 20 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 20) లోపే ఉండాలి. బెంటొనైట్ అఫ్లాటాక్సిన్‌ను పేగులోనే గట్టిగా పట్టేస్తుంది గానీ, టి-2 లాంటి ఇతర బూజు విషాల మీద దాని ప్రభావం అంతంతమాత్రం. బూజు తినేసిన కొవ్వును, విటమిన్లను అది తిరిగి తేలేదు. నల్లబడి ముద్దకట్టిన గింజను ఏ ఖనిజమూ బాగుచేయదు, పారేయండి.

కలిపితే టన్ను దాణాకు 5 కిలోలు దాటొద్దు. కాక్సీడియోసిస్ అనే పేగు జబ్బు నివారణకు దాణాలో కలిపే మందు పనిచేయకుండా పోయే ప్రమాదం ఆపైన పెరుగుతుంది. ఆ మందు రొబెనిడిన్ అయితే బెంటొనైట్ అసలే వద్దు. టైలోసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తున్న రోజుల్లోనూ ఆపేయాలి, లేకపోతే దాన్నీ పట్టేసుకుంటుంది. 5 కిలోలనూ నేరుగా మిక్సర్‌లో గుమ్మరించకుండా, ముందు 20 కిలోల మొక్కజొన్న పిండిలో కలిపి, తర్వాత మొత్తంలో వేయండి.

ఇంటిగ్రేషన్ కింద (కంపెనీ ఇచ్చే పిల్లలు, దాణాతో) పెంచేవారు కంపెనీ దాణాలో ఏదీ కలపొద్దు. టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని పట్టేసే పదార్థం) మామూలుగా అందులోనే ఉంటుంది. అనుమానముంటే సూపర్‌వైజర్‌ని అడగండి.

ప్రశ్న: లేయర్లకు (గుడ్ల కోళ్లకు) వేసే రాళ్ల పొడి బ్రాయిలర్లకూ వేస్తే కాళ్లు గట్టిపడతాయా?
– నల్గొండ జిల్లా

జవాబు: గట్టిపడవు, ఇంకా దెబ్బతింటాయి. ఆ పొడితో అందేది కాల్షియం. లేయర్ దాణాలో కాల్షియం 3.5–4 శాతం ఉండాలి, బ్రాయిలర్‌కు ఒక శాతం లోపే చాలు. మించితే భాస్వరం ఒంటబట్టదు, మూత్రపిండాల మీదా భారం పడుతుంది. కాళ్లు వంకరపోతుంటే దాణాలో డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), విటమిన్ డి3 సరిపోతున్నాయో లేదో చూడండి.