పాలిపోయిన చీర

నల్లగొండ

తమ్మీ,

నీ కథ రెండుసార్లు చదివిన. మునుగోడు దిక్కు మాట మంచిగనే పట్టినవ్. కానీ ఆరు పేజీలల్ల ‘పాలిపోయిన’ తొమ్మిదిసార్లు వచ్చింది. కోడలి మొఖం పాలిపోయింది, గోడ పాలిపోయింది, ఆఖరుకు అంగడి గూడ పాలిపోయింది!

నేనూ ఈ తప్పు చేసినోణ్నే. చానా ఏండ్ల కింద ‘పాలిపోయిన చీర’ అని రాసి, చండూరుల ఒక నేతాయనకు చదివి వినిపించిన. మగ్గం ఆపి, ‘చీరకేమన్న రోగమొచ్చిందా?’ అన్నడు. పాలిపోయేది ప్రాణమున్నది. బట్ట వెలిసిపోతది, లేకుంటే రంగు దిగుతది. లోపలికి పోయి ఒక పాత చీర తెచ్చి మడత విప్పిండు. పైన ఇటుకపొడి రంగు. మడత లోపల మాత్రం ఎరుపు ఎట్లున్నది అట్లనే ఉంది. ఎంత వెలిసిందో ఆ ఎరుపును చూసినంకనే నాకు తెలిసింది.

నీ కథల ఆ మడత లేదు. కోడలు అంతకుముందు ఎట్లుండేదో ఒక్క ముక్క చెప్పలే.

ఇంకోటి. ఆమె నల్లటి మనిషని మొదటి పేజీల నువ్వే రాసినవ్. ఏడో నెల రాంగనే కాగితం లెక్క తెల్లగ ఎట్లయింది? అది మన ఊరి మొఖం కాదు, ఎక్కడ్నో చదివిన మొఖం. నల్లటి ఒంటి మీద రక్తం తక్కువైన సంగతి బుగ్గల్ల అంత తొందరగ దొరకదు. అందుకే దవాఖానల నర్సమ్మ కింది రెప్ప గుంజి చూస్తది, నాలుక చాపమంటది, గోర్లు, అరచేతులు చూస్తది. కడుపుతో ఉన్నామెకు హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ఇయ్యన్ని కథల పెట్టమంటలేను. ‘ఐరన్ గోళీలు అటుక మీద పడేసినవా?’ అని అత్తతోని ఒక్క మాట అనిపియ్యి, చాలు.

తెల్లబోవుడు వేరు. అనుకోనిది ఎదురైతే, దొరికిపోతే తెల్లబోతరు, జరసేపటికి తేరుకుంటరు. జనం రావాల్సిన అంగడి, పెండ్లిపందిరి వెలవెలబోతయ్. భయానికైతే ‘కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు’ అననే అంటరు. ఇట్ల మొఖం రంగు మారుడునే వైవర్ణ్యమని నాట్యశాస్త్రంల భరతుడు సాత్త్విక భావాలు, అంటే మనసుల కదిలింది ఒంటి మీద కనబడే గుర్తులు, ఎనిమిదింట్ల ఒకటిగ లెక్కగట్టిండు. భారతంల అంబాలిక వ్యాసుణ్ని చూసి పాలిపోతేనే కద పాండురాజు ఆ రంగుతోని పుట్టింది. ఇయ్యన్ని చదువుకో, కానీ నీ కథల మర్రిగూడ ముసలమ్మ నోట్ల మాత్రం పెట్టకు.

బత్తాయి తోట కాడ ‘ఆకు పాలిపోయింది’ అన్నవ్ చూడు, అది ఉంచు. జింకు తక్కువైన ఆకు ఈనెల నడుమ పసుపెక్కుతది, ఈనెలు పచ్చగనే ఉంటయ్. ఆ పచ్చటి ఈనె గూడ రాయి. చీర మడత అసొంటిదే అది.

ఐదో పేజీల అత్త కోడలికి గాజులు తొడుగుతది కద. గాజు ఎక్కాల్నంటే చెయ్యి ఒత్తి పట్టుకోవాలె, అరచెయ్యి కండ్ల ముంగటనే ఉంటది. అప్పుడు అత్తకు ఏం కనబడ్డదో రాసి పంపు.

అన్న