న్యాయ సలహా: షాపుల్లోకి తుపాకీలు తేవొద్దని మా సిటీ రూలు పెట్టడానికి వీల్లేదా?

ప్రశ్న: టెక్సస్‌లో డాలస్ పక్కన ప్లానోలో ఇండియన్ గ్రోసరీ నడుపుతున్నాం. నాకు గ్రీన్‌కార్డు ఉంది. కొందరు నడుముకు తుపాకీ కనబడేలా పెట్టుకుని షాపులోకి వస్తున్నారు, పిల్లలతో వచ్చినవాళ్లు బెదిరిపోతున్నారు. దీనిమీద ఆర్డినెన్సు పెట్టమని సిటీ హాలులో అడిగితే తమకా అధికారమే లేదన్నారు. నిజమేనా? తలుపుకు తుపాకీ బొమ్మ స్టిక్కరు అంటిస్తే సరిపోతుందా? గుడి కమిటీలో కూడా ఇదే చర్చ నడుస్తోంది. దొంగల భయానికి కౌంటరు కింద ఒక తుపాకీ పెడదామనుకుంటున్నాను. రాత్రిపూట అక్కడ హెచ్-4 డిపెండెంటు వీసాతో, ఈఏడీ అనే వర్క్ పర్మిట్ మీద పనిచేసే అమ్మాయి ఉంటుంది. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, జైలుకెళ్లే ప్రమాదం ఉన్నది అందులోనే. ఆ అమ్మాయి చేతికందే చోట తుపాకీ పెట్టకండి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటా గానీ ఉండటం ఫెడరల్ నేరం. టెక్సస్ చట్టాలు ఎంత ఉదారంగా ఉన్నా దీన్ని మార్చలేవు. ఈఏడీ పని చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే, తుపాకీకి దానితో సంబంధం లేదు. తుపాకీ మీ పేరున ఉన్నా, తన అదుపులో ఉందని ప్రాసిక్యూటరు వాదించగలడు. అర్హత లేదని తెలిసీ చేతికిస్తే మీమీదా కేసు పెడతారు. రెండింటికీ గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గన్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని సరదాగా కాల్చినా లెక్కలోకే వస్తుంది. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు అలా మొదలైందే. అతను ఎఫ్-1 (విద్యార్థి) స్టేటస్ పోయాక ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కి వెళ్లి కాల్చాడు.

హంటింగ్ లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదన్న మాట మనవాళ్లలో బాగా తిరుగుతుంది. చట్టంలో ఆ మినహాయింపు నిజంగానే ఉంది. అయితే లైసెన్సు చెల్లుబాటులో ఉన్నన్నాళ్లే అది పనికొస్తుంది. టెక్సస్ హంటింగ్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యువల్ మరిచిపోతే సెప్టెంబరు 1 తెల్లారేసరికి ఇంట్లో ఉన్న తుపాకీయే నేరమవుతుంది. ఆ అమ్మాయి విషయంలో ఈ దారి నేను సలహా ఇవ్వను. తాళం వేసే పెట్టె కొని, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక సిటీ సంగతి. వాళ్లు మిమ్మల్ని తప్పించుకోవడానికి అలా అనలేదు. ఆయుధాలు ధరించి తిరగడాన్ని నియంత్రించే అధికారాన్ని టెక్సస్ రాజ్యాంగం రాష్ట్ర చట్టసభకు, అంటే లెజిస్లేచరుకు, ఇచ్చింది. ఆ లెజిస్లేచరు లోకల్ గవర్నమెంట్ కోడ్ 229.001 సెక్షనులో సిటీల చేతులు కట్టేసింది. తుపాకీ కొనడం, అమ్మడం, దగ్గరుంచుకోవడం, పట్టుకు తిరగడం, భద్రపరచడం, లైసెన్సు, రిజిస్ట్రేషన్, వీటిలో దేనిమీదా సిటీ రూలు చేయకూడదు. చేస్తే రాష్ట్ర అటార్నీ జనరల్ (ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) కోర్టుకెళ్లి ఆపిస్తాడు. కౌంటీలకూ ఇలాంటి సెక్షనే వేరేగా ఉంది. ఊళ్లో తుపాకీ పేల్చకూడదనడం, అందరికీ వర్తించే జోనింగు (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చన్న రూళ్లు), ఫైర్ కోడు, ఇలాంటివి కొన్నే సిటీకి మిగిలాయి. ఇండియాలోనూ తుపాకీ లైసెన్సులో మునిసిపాలిటీకి పాత్ర లేదు కాబట్టి ఇది మీకు మరీ వింతగా అనిపించక్కర్లేదు. డెన్వర్‌లో చుట్టాలుండి 'మా ఊళ్లో తుపాకీ బయటికి కనబడేలా తిరగనివ్వరు' అంటే అదీ నిజమే. కొలరాడో 2021లో స్థానిక సంస్థలకు సొంత రూళ్లు పెట్టుకునే అధికారం పెంచింది. టెక్సస్ ఆ దారిలో లేదు.

సిటీ చేయలేనిది స్థలం యజమానిగా మీరు చేయగలరు. తుపాకీ బొమ్మ మీద ఎర్రగీత ఉన్న స్టిక్కరు మాత్రం తుపాకీ ధరించే లైసెన్సున్న వ్యక్తి మీద చెల్లదు. 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకు తిరగొచ్చు. అందుకే ఇప్పుడు మూడు బోర్డులు కావాలి. రాష్ట్ర పీనల్ కోడ్ (శిక్షాస్మృతి) 30.05 బోర్డు లైసెన్సు లేనివాళ్లకు, 30.06 లైసెన్సుండి తుపాకీ దాచుకున్నవాళ్లకు, 30.07 లైసెన్సుండి బయటికి కనబడేలా పెట్టుకున్నవాళ్లకు. మిమ్మల్ని బెదరగొట్టేవాళ్లకే అయితే 30.05, 30.07 చాలు. చట్టంలో ఇచ్చిన వాక్యాన్ని పొల్లు పోకుండా ఇంగ్లిషులోనూ, స్పానిష్‌లోనూ వేయించాలి. అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు, వెనక రంగు మీద కొట్టొచ్చినట్టు కనబడాలి. జనం వచ్చే ప్రతి తలుపు దగ్గరా పెట్టాలి. పార్కింగు వైపు రెండో తలుపుకు పెట్టకపోవడం, స్పానిష్ వదిలేయడం, తలుపు తెరిచినప్పుడు బోర్డు గోడ వెనక్కి పోవడం, కేసులు వీగిపోయేది ఇలాంటి వాటివల్లే.

బోర్డు చూసి కూడా లోపలికొస్తే 200 డాలర్ల లోపు జరిమానా, అంతే. నోటితో 'తుపాకీతో ఉండకూడదు, దయచేసి వెళ్లండి' అని చెప్పాక కూడా కదలకపోతే అది క్లాస్ ఎ మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో పెద్దది), ఏడాది దాకా జైలు. ఆ మాట మీ క్యాషియరు చెప్పినా చెల్లుతుంది. వెళ్లనంటే వాదన పెట్టుకోకుండా 911కి ఫోన్ చేయండి. ఇంకొకటి, చట్టబద్ధంగా తుపాకీ ఉన్న మీ ఉద్యోగి దాన్ని కారులో తాళం వేసి పార్కింగులో ఉంచుకుంటే మీరు కాదనలేరు.

గుడి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ప్రార్థనా స్థలాలకు చట్టంలో విడిగా ఉన్న ప్రస్తావనను 2019లో తీసేశారు. కమిటీ తీర్మానం చేసి మినిట్స్‌లో రాసుకుని, ఈ బోర్డులే పెట్టుకోవాలి. ఉగాది ఫంక్షనుకు స్కూలు ఆడిటోరియం తీసుకుంటే స్కూలు భవనంలో తుపాకీ నిషేధం రాష్ట్ర చట్టంలోనే ఉంది. సిటీకి చెందిన ఫంక్షను హాలు అద్దెకు తీసుకుంటే మాత్రం బోర్డు పెట్టేముందు అగ్రిమెంటు ఎవరికైనా చూపించండి. ప్రభుత్వ స్థలంలో, చట్టం తుపాకీని నిషేధించని చోట, లైసెన్సున్నవాళ్లను బోర్డుతో ఆపితే ఆ ప్రభుత్వ సంస్థకే రోజుకు 1,000 నుంచి 1,500 డాలర్ల జరిమానా, మళ్లీ చేస్తే 10,000 పైన. సిటీ స్థలంలో ఏటా జరిగే టెక్సస్ స్టేట్ ఫెయిర్ అనే జాతరలో 2024లో తుపాకీలు నిషేధించినప్పుడు అటార్నీ జనరల్ డాలస్ సిటీ మీద కూడా దావా వేశాడు.

మీరు గ్రీన్‌కార్డు మీద తుపాకీ కొనుక్కోవచ్చు. డీలరు దగ్గర ఫారం 4473లో గ్రీన్‌కార్డు మీదుండే ఏలియన్ నంబరు రాయాలి, ఐడీలో ప్రస్తుత అడ్రసు ఉండాలి. షాపులో పిల్లలు తిరుగుతారు గనుక 17 ఏళ్ల లోపువాళ్ల చేతికి అందేలా వదిలేయడం కూడా నేరమని గుర్తుంచుకోండి. పౌరసత్వం లేనివాళ్లకు తుపాకీ నేరంలో చిన్న శిక్ష పడినా దేశం నుంచి పంపించేయడానికి కారణం కావచ్చు. అలాంటి కేసేదైనా మీద పడితే, జరిమానాతో పోతుంది కదా అని కోర్టులో ఒప్పేసుకునే ముందు ఛార్జి కాగితాలు ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించండి.