తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉండాలి

పెరంబూరు, చెన్నై.

చిరంజీవి మేనల్లుడికీ, చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికీ మామయ్య ఆశీస్సులు.

మీ ఇద్దరికీ వీసాలు వచ్చాయనీ, వచ్చే నెల మొదటి వారంలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు బయలుదేరుతున్నారనీ మీ అమ్మ నిన్న సాయంత్రం ఫోనులో చెప్పింది. నలభై ఏళ్ల క్రితం నేను పని నేర్చుకున్న ఊరికే ఇప్పుడు నా చెల్లెలి కొడుకు ఇంజనీరుగా వెళుతున్నాడన్న మాట విని, ఫోను పెట్టేసిన తర్వాత కూడా చాలాసేపు వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. అయితే ఆ సంతోషం మధ్యలోనే మీ అమ్మ మురిసిపోతూ మరొక మాట కూడా చెప్పింది. "వాడు కోడలిని ఏ కష్టమూ పడనివ్వడట అన్నయ్యా, అక్కడి భాష, బ్యాంకు, ఆఫీసుల పనులు అన్నీ తానే చూసుకుంటాడట, అమ్మాయి హాయిగా ఇంట్లో ఉంటే చాలట" అంది. ఆ మాట విన్నందువల్ల రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే నువ్వు "సరే మామయ్యా" అని ఊరుకుంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.

చిన్న విషయాలు ముందుగా చెప్పేస్తాను. ఇల్లు కుదిరి అందులో చేరిన రెండు వారాల లోపల ఊరి కార్యాలయానికి వెళ్లి మీ ఇద్దరి చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి కనుక తాళాలు తీసుకునే రోజునే దాన్ని అడిగి తీసుకోండి. మన చెన్నైలో పది నెలల అడ్వాన్సు ఇచ్చి అలవాటుపడిన వాళ్లకు వింతగా ఉంటుంది గానీ, అక్కడ మూడు నెలల మూల అద్దెకు మించి డిపాజిట్ అడగడానికి చట్టం ఒప్పుకోదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, కాబట్టి పాలూ కూరగాయలూ శనివారమే తెచ్చిపెట్టుకోవాలి. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను, విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇచ్చే ఎన్నార్వో ఖాతాగా మార్పించే పని వాయిదా వేయవద్దు. మీ అమ్మ రెండు కిలోల నెయ్యి కాచి డబ్బాల్లో పోస్తోందని విన్నాను. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తీసుకువెళ్లనివ్వరు, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఊరగాయలు, పొడులు పెట్టమను, నెయ్యి వద్దను. అక్కడ ఉప్పు లేని మంచి వెన్న దొరుకుతుంది, మీ అత్తయ్య దానితోనే కాచేది, ఇల్లంతా మన ఇంటి వాసనే వచ్చేది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణానికి వస్తాను.

నేను కంపెనీ తరఫున శిక్షణకు వెళ్లింది 1984 ఫిబ్రవరిలో. మీ అత్తయ్య ఆ అక్టోబరులో వచ్చింది. అప్పటికి వర్క్‌షాపులోనూ రొట్టెల దుకాణంలోనూ నెగ్గుకురాగలిగేంత జర్మన్ నాకు పట్టుబడింది, ఆమెకు ఒక్క ముక్క రాదు. కొత్తగా పెళ్లయిన మనిషి, ఇల్లు వదిలి అంత దూరం నన్ను నమ్ముకుని వచ్చింది, ఆమెకు ఏ ఇబ్బందీ రాకూడదని నేను మనసులో గట్టిగా అనుకున్నాను. ఆ రోజుల్లో దుకాణాలు సాయంత్రం ఆరున్నరకే, శనివారమైతే మధ్యాహ్నం రెండింటికే మూసేవారు కనుక, పని ముగియగానే పరుగున వెళ్లి సరుకులన్నీ నేనే తెచ్చేవాణ్ణి. ఎవరైనా తలుపు తడితే నేనే వెళ్లేవాణ్ణి. ఆ ప్రాంతంలో కేర్‌వోఖె అని ఒక పద్ధతి ఉంది. ఏ వారం ఎవరి గుమ్మానికి ఒక చిన్న పలక తగిలిస్తే ఆ వారం వాళ్లు మెట్లన్నీ ఊడ్చి తుడవాలి. మా వంతు వచ్చినప్పుడు, నలుగురి ముందూ మీ అత్తయ్య చీపురు పట్టడమేమిటని, శనివారం పొద్దున్నే లేచి ఆ పని కూడా నేనే చేసేసేవాణ్ణి. "పక్కింటివాళ్లను ఇబ్బంది పెట్టకు, ఇక్కడివాళ్లకు అది నచ్చదు" అని ఆమె వచ్చిన మొదటి వారంలోనే చెప్పాను. ఇదంతా ప్రేమేననుకున్నాను నాయనా. ఇప్పుడు నువ్వు అనుకుంటున్నట్టే.

1985 జనవరి. ఆ ఏడు ఆ దేశంలో చలి ఎంత తీవ్రంగా ఉండేదంటే, ట్రామ్ కోసం నిలబడ్డ అయిదు నిమిషాల్లో కనురెప్పలు బిగుసుకుపోయేవి. మేము మూడో అంతస్తులో ఉండేవాళ్లం. అక్కడి ఇంటి తలుపులకు బయటివైపు తిప్పే పిడి ఉండదు. ఒకసారి మూసుకుంటే తాళంచెవి లేనిదే తెరుచుకోదు. ఒక ఉదయం పదిన్నర ప్రాంతంలో మీ అత్తయ్య చెత్తబుట్ట తీసుకుని, తలుపు మూసుకుపోకుండా పాత పత్రిక ఒకటి మడిచి అడ్డంపెట్టి, కిందికి దిగింది. ఆమె తిరిగి పైకి వచ్చేసరికి మెట్ల కిటికీలోంచి వచ్చిన గాలికి తలుపు పడిపోయి ఉంది. ఒంటిమీద వాయిలు చీర, ఒక స్వెటర్, కాళ్లకు ఇంట్లో వేసుకునే గుడ్డ చెప్పులు. నేను ఇంటికి వచ్చింది సాయంత్రం అయిదుంపావుకు.

ఆ దాదాపు ఏడు గంటలూ ఆమె మెట్ల మీదే కూర్చుంది. మా ఎదురింటి తలుపు మూడడుగుల దూరంలో ఉంది, లోపల రేడియో మోగుతోంది, మనిషి ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. కానీ పక్కింటివాళ్లను ఇబ్బంది పెట్టవద్దని నేను చెప్పాను కదా, ఆమె గంట నొక్కలేదు. నొక్కినా ఏమని చెప్పాలో ఆమెకు తెలియదు. అక్కడి మెట్ల దీపాలు మీట నొక్కితే కొద్దిసేపు వెలిగి వాటంతట అవే ఆరిపోతాయి. పెందలాడే చీకటి పడిన ఆ రోజున, దీపం ఆరినప్పుడల్లా లేచి, గోడ తడుముకుంటూ వెళ్లి, మీట నొక్కి, మళ్లీ వచ్చి కూర్చుందట. ఒకసారి వెలిగిన దీపం ఆరేలోగా విష్ణు సహస్రనామంలో ఎన్ని శ్లోకాలు చదవవచ్చో ఆ రోజు తెలిసిందని చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

మెట్లెక్కి వచ్చిన నేను ఆమెను చూసి అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "తాళంచెవి తీసుకోకుండా బయటికి ఎలా వెళ్లావు, ఆ మాత్రం జాగ్రత్త లేకపోతే ఎలా?" అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. లోపలికి వెళ్లి, పొయ్యి వెలిగించి, ముందు నాకు కాఫీ కలిపి ఇచ్చింది. ఆ కాఫీ కూడా నేను తాగాను.

రెండు రోజులకు ఆమెకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలంటే బీమా కాగితం కావాలి, దానికోసం నా బల్ల సొరుగు తెరిచాను. కాగితాల కింద రెండో తాళంచెవి ఉంది. ఇల్లు తీసుకున్న రోజున యజమాని రెండు తాళంచెవులు ఇచ్చాడు. ఒకటి పోతే భవనం తాళాలన్నీ మార్పించే ఖర్చు మీద పడుతుందని చెప్పడంతో ఒకటి జేబులో వేసుకుని, రెండోది భద్రంగా సొరుగులో దాచాను. నేను తోడు లేకుండా ఆమె బయటికి వెళ్లే అవసరమే రాదనుకున్నాను కాబట్టి, ఆమెకు ఇవ్వాలని నాకు తోచనే లేదు. లేని తాళంచెవిని మరిచిపోయావని ఆమెను తిట్టాను.

అదే రోజు ఆసుపత్రి గదిలో డాక్టరమ్మ "ఎక్కడ నొప్పి" అని మీ అత్తయ్యను అడిగితే, నేను జవాబు చెప్పాను. ఆవిడ నా వైపు తిరగకుండా, మీ అత్తయ్య ముఖంలోకే చూస్తూ మళ్లీ అదే ప్రశ్న నెమ్మదిగా వేసింది. అప్పుడు మీ అత్తయ్య తన చేతిని ఛాతీ మీద, గొంతు కింద, నేను చెప్పిన చోట కాకుండా వేరే చోట పెట్టింది. నలభై ఏళ్లు దాటినా ఆ చెయ్యి నా కళ్ల ముందు నుంచి పోలేదు.

అందుకే చెబుతున్నాను. చేరిన రోజునే తాళంచెవులు చెరొకటి తీసుకోండి. యజమాని ఒప్పుకుంటే మూడోది చేయించి, నమ్మకం కుదిరాక పక్కింట్లో ఇవ్వండి. ఇతరులకు మనవల్ల కలిగే నష్టాన్ని భరించే బీమా ఒకటి అక్కడ దాదాపు అందరూ తీసుకుంటారు, అద్దె ఇంటి తాళంచెవి పోయినా వర్తిస్తుందో లేదో అడిగి మరీ తీసుకోండి. గుమ్మం గంట మీదా, తపాలా పెట్టె మీదా ఇద్దరి పేర్లూ ఉండాలి. పెట్టె మీద పేరు లేకపోతే ఆ పేరున వచ్చిన ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది, అక్కడ ముఖ్యమైన కాగితాలెన్నో ఇప్పటికీ తపాలాలోనే వస్తాయి. అద్దె ఒప్పందంలో ఇద్దరి సంతకాలూ పెట్టించు. బ్యాంకులో అమ్మాయి పేరు మీద విడిగా ఒక ఖాతా, ఒక కార్డు ఉండనివ్వు. ఆమెకు సంపాదన లేనన్నాళ్లు నీ ప్రభుత్వ ఆరోగ్య బీమాలోనే అదనపు చందా లేకుండా ఆమెనూ చేర్చుకోవచ్చు, కానీ బీమా కార్డు ఆమె పేరున వస్తుంది, అది ఆమె సంచిలోనే ఉండాలి. పోలీసులకు 110, అంబులెన్సుకూ అగ్నిమాపక దళానికీ 112. ఈ రెండు అంకెలూ, ఇంటి చిరునామా జర్మన్‌లో తడుముకోకుండా చెప్పడమూ ఇద్దరికీ నిద్రలో లేపి అడిగినా రావాలి.

భాష విషయానికి వస్తే, నుంగంబాక్కంలో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది, అక్కడ గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతారు. ఇప్పుడు కోర్సు పూర్తిచేసే సమయం లేదని నాకు తెలుసు, కానీ అక్షరాలు, అంకెలు, పది వాక్యాలు నేర్చుకోవడానికి ఈ నాలుగు వారాలు చాలు. అక్కడికి వెళ్లాక ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే ఫోక్స్‌హోహ్‌షూలెలో ఆమెను వెంటనే చేర్పించు. నువ్వూ చేరు. ఆఫీసులో ఇంగ్లీషు నడుస్తుంది కదా అని నువ్వు మానేసి ఆమెను మాత్రమే పంపితే, ఏడాది తర్వాత పరిస్థితి తలకిందులై నువ్వే ఆమె వెనక నిలబడవలసి వస్తుంది, అదీ మంచిది కాదు.

అమ్మాయీ, ఇది నీకు. వేళచ్చేరి నుంచి షోళింగనల్లూరుకు అయిదేళ్లు బస్సులో వెళ్లి ఉద్యోగం చేసిన దానివి, ఆ ధైర్యాన్ని మా వాడి మంచితనం కోసం పెట్టెలో పెట్టి తాళం వేయకు. నీకు వచ్చే నివాస అనుమతితో నువ్వు కూడా అక్కడ ఉద్యోగం చేయవచ్చు, అనుమతి పత్రం చేతికి వచ్చినప్పుడు ఆ మాట అందులో స్పష్టంగా ఉందో లేదో నువ్వే చదువుకో. వాడు నీ బదులు జవాబు చెప్పినప్పుడు, అది ఎంత ప్రేమతో చెప్పినా సరే, ఆగమని చెప్పు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు చాలా చిన్నది, డిసెంబరులోనైతే ఎనిమిది దాటితే గానీ పొద్దు పొడవదు, నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. ఆ నెలల్లో పగలు రోజూ ఒక అరగంటైనా ఇంటి బయట నడువు. మనసు బాగా లేని రోజున మీ అమ్మకు "బాగానే ఉన్నాను" అని చెప్పకు. అప్పట్లో మీ అత్తయ్య ఏరోగ్రామ్‌లలో ప్రతిసారీ అదే రాసేది, అవి మా అత్తగారి పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి, చదవాలంటే నాకు చేతులు రావు.

నాయనా, మన ఇంట్లో ఇది కొత్త విషయం కాదు. మీ తాతయ్యకు ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో ఉద్యోగం వచ్చి నెల్లూరు నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు నేను మీ అమ్మమ్మ చంకలో ఉన్నాను. ఆమెకు తమిళం రాదు. తాతయ్య ఎప్పుడూ రాత్రి షిఫ్టులోనో పగలు నిద్రలోనో ఉండేవారు కాబట్టి, ఆమె బదులు మాట్లాడేవాళ్లు ఎవరూ లేకపోయారు. వీధి కుళాయి దగ్గర వంతు కోసం నిలబడి, వంతు తప్పిన వాళ్లతో పోట్లాడి, పూలమ్మే ఆవిడ దగ్గర బేరమాడి, ఆరు నెలల్లో తమిళం నేర్చేసుకుంది. చివరి రోజుల్లో ఆమెను చూడటానికి వచ్చిన వాళ్లలో సగంమంది ఆ కుళాయి దగ్గరి స్నేహితులే. స్టుట్‌గార్ట్‌లో నేను ఈ సంగతి ఎందుకు గుర్తుచేసుకోలేకపోయానో నాకు అర్థం కాదు.

జ్వరం తగ్గాక మళ్లీ మా గుమ్మానికి ఆ పలక తగిలించిన వారం, మీ అత్తయ్య నా చేతిలోంచి బకెట్టు తీసుకుని తనే మెట్లు తుడవడానికి దిగింది. చప్పుడు విని ఎదురింటి ముసలావిడ తలుపు తెరిచి, మూలలు ఎలా తుడవాలో తన చీపురు తెచ్చి చూపించింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. అయినా ఆ వసంతానికి ఇద్దరూ ఒకే వంటగదిలో కూర్చుని బంగాళాదుంపలు తరిగేవారు. మెట్ల మీద గడిపిన ఆ రోజు సంగతి తెలిసినప్పుడు, తాను ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నానని, గంట మోగి ఉంటే వెంటనే తలుపు తీసేదాన్నని ఆ ముసలావిడ మీ అత్తయ్య చేతులు పట్టుకుని ఏడ్చిందట.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పెరంబూరుకు రండి. మీ అత్తయ్య అమ్మాయికి మూడు వాక్యాలు నేర్పుతానంటోంది. అందులో మొదటిది, "ఇహ్ హాబె మిహ్ ఔస్‌గెష్పెర్ట్", అంటే తలుపు పడిపోయి నేను బయట ఉండిపోయాను అని. అమ్మాయి దాన్ని పలికేటప్పుడు తడబడితే, నువ్వు పక్కనుంచి అందించకు.

ఇట్లు,
మీ మామయ్య