హాంకాక్ మరగొంతు కోసం ఓటీపీలు అప్పగించారా?

ప్రశ్న: నేను కీబోర్డు వాయిస్తాను. జాజ్ పియానిస్టు హెర్బీ హాంకాక్ 1978 నాటి ‘సన్‌లైట్’ ఆల్బమ్‌లో వినిపించే మరగొంతు నా పాటకూ కావాలని ఫోన్‌లో ఒక ఉచిత వోకోడర్ (మాటను వాద్యం స్వరంలో పలికించే సాధనం) యాప్ వేసుకున్నాను. ఏ మెట్టు నొక్కినా గొంతు శ్రుతి మారడం లేదు. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు చూసే అనుమతి అడిగితే ఇచ్చాను. మిత్రుడొకరు కంప్యూటర్ కోసం క్రాక్ చేసిన (డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం విరిచిన) ప్లగిన్, అంటే సంగీత సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం, పంపారు. అదేమో యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతానంటోంది. ఏం చేయాలి?

జవాబు: ఈ నెలలో ఇదే గోడు వినడం నాలుగోసారి. మీరు వేసుకున్నది అపశ్రుతిని సవరించే యాప్ అయి ఉంటుంది, వోకోడర్ కాదు. వోకోడర్‌కు మీ మాట, మీ కీబోర్డు నాదం రెండూ విడివిడిగా అందాలి. అది మాటను పౌనఃపున్యాల వారీగా పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీలోని హెచ్చుతగ్గులను కీబోర్డు నాదంలోని అదే పట్టీ మీదికి ఎక్కిస్తుంది కనుక, పలుకు నోటిది, స్వరం వేళ్లది అవుతుంది. పదకొండేళ్లకే షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో మొజార్ట్ వాయించి, తరువాత జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో పేరు తెచ్చుకున్న హాంకాక్ డిస్కో వైపు అడుగు వేస్తూ ఈ పెట్టెనే ఎంచుకోవడంలో వింతేమీ లేదు. మరుసటి ఏడాది ‘ఫీట్స్ డోంట్ ఫెయిల్ మీ నౌ’తో ఆయన పూర్తిగా డిస్కోలోకి దిగినప్పుడు జాజ్ విమర్శకులు మొహం చిట్లించారు, నాకూ ‘సన్‌లైట్’ మీదే మక్కువ.

కీబోర్డులో వేణువు వంటి పలుచని స్వరం పెడితే మాటలు తెలియవు. సా-టూత్ తరంగమో (రంపపు పళ్ల ఆకారంలో ఉండే గరుకైన సింథ్ నాదం), నిండైన స్ట్రింగ్స్ శబ్దమో పెట్టండి. శ, ష, స అక్షరాలు వినబడకుండా పోతే ఆ పట్టీలకు కాస్త రొద కలిపే మీట కోసం వెతకండి.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే సంగతి. గొంతు మార్చే యాప్‌కు మైకు చాలు. ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చారంటే మీ బ్యాంకు పంపే ఓటీపీని అదీ చదవగలదు. యాంటీవైరస్ ఆపమనే ప్లగిన్ అయితే, కాపలావాడిని ఇంటికి పంపేయమని గుమ్మంలో నిలబడి అడుగుతున్నట్టే. ఒక్క అప్‌డేట్‌తో పాత ప్లగిన్లను మూగవి చేసి, డబ్బు పెట్టి కొన్నవారిచేతే మళ్లీ కొనిపించే తయారీదారులు కూడా జనాన్ని ఈ క్రాకుల వైపు నెడుతున్నారన్నది నా ఫిర్యాదు. విడ్డూరమేమిటంటే, రెండవ ప్రపంచయుద్ధంలో 1943 నుంచి వాషింగ్టన్, లండన్‌ల మధ్య రహస్య సంభాషణలను కాపాడిన సిగ్‌సాలీ యంత్రంలో ఉన్నదీ వోకోడరే. అటువంటి పరికరం పేరు చెప్పి ఇప్పుడు మీ రహస్యాలు లాగుతున్నారు.

యాప్‌ను ఈ రోజే తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు మార్చి, ఖాతాలో తెలియని లావాదేవీలు ఉన్నాయేమో చూడండి. మిత్రుడి ఫైలును తెరవకుండా చెరిపివేసి, ఆయన కంప్యూటర్‌ను కూడా ఒకసారి స్కాన్ చేయించుకోమనండి.