చాట్‌లో పెట్టే :) ;) -_- గుర్తులకు అసలు అర్థాలేంటి?

మీ ఆఫీసులో ఒకావిడ ప్రతి మెసేజ్ చివరా :) పెడుతోంది, దాన్ని ఎలా తీసుకోవాలి అని అడిగారు. అందరికీ అలాగే పెడుతోందా, మీకొక్కరికేనా అన్నది ముందు చూడండి. అందరికీ అయితే అది ఊతపదం, కొందరికి ప్రతి మాటకీ ముందు 'అదేంటంటే' అని వచ్చేస్తుంది చూడండి, అలాంటిది. అందులో వెతకడానికేమీ లేదు. నెట్‌లో దొరికే అర్థాల పట్టికల్ని మాత్రం నమ్మకండి. పంపిన మనిషి అలవాటేమిటో తెలియకుండా ఏ గుర్తుకీ అర్థం చెప్పలేం, ఇది నేను గట్టిగా చెప్పగలను.

ఇంతకుముందు ఉద్యోగంలో మా టీమ్‌లో రష్యా అతను ఒకడు టెస్టర్‌గా, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పనిలో ఉండేవాడు, చాలా నెమ్మదస్తుడు. అతని మెసేజ్‌లు ఇలా వచ్చేవి: 'బిల్డ్ మళ్ళీ ఫెయిలయింది)', 'మీరు చెప్పిన బగ్ దొరికింది)))'. మేమంతా ప్రోగ్రామర్లం, మూసిన బ్రాకెట్ కనపడితే తెరిచింది ఎక్కడుందా అని కళ్ళు వాటంతటవే వెనక్కి పోతాయి. మా టీమ్ లీడ్‌కి అయితే ఒళ్ళు మండిపోయేది. 'నాలుగు ముక్కలు సరిగ్గా టైప్ చెయ్యలేనివాడు మన కోడ్ ఏం చూస్తాడు' అని ఒకసారి కాల్‌లోనే అనేశాడు, పాపం అతను ఆ రోజు లేడు కాబట్టి సరిపోయింది. కీబోర్డ్ పాడైందేమో అన్నారు ఇంకొకరు. ఈ గొడవంతా ఎందుకని నేను నేరుగా అతన్నే అడిగాను. అది నవ్వట! రష్యన్ కీబోర్డ్‌లో కళ్ళుగా పెట్టే కోలన్ (:) రావాలంటే షిఫ్ట్ పట్టుకుని 6 నొక్కాలి, ప్రతిసారీ అంత పని ఎవరు పెట్టుకుంటారు, అందుకని కళ్ళు వదిలేసి నోరొక్కటే ఉంచుకున్నారు. ఒక్క బ్రాకెట్ మర్యాదకి, ఎన్ని ఎక్కువైతే అంత నవ్వు, దిగులైతే తిరగేసి ( పెడతారు. 'ఫెయిలయింది)' అన్నప్పుడల్లా అతను మమ్మల్ని కంగారు పడొద్దంటున్నాడన్నమాట. కొన్నాళ్ళకి ఒకసారి బ్రాకెట్ లేకుండా ఉత్త 'సరే.' అని పెట్టాడు, అందరికంటే ముందు ఫోన్ చేసి ఏమైందని అడిగింది మా లీడే.

అసలు పుట్టినప్పుడు కూడా :-) అంటే సంతోషం కాదు. 1982 సెప్టెంబర్ 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దాన్ని సూచించింది 'ఇది జోక్' అని చెప్పడానికి. లిఫ్ట్‌లో పాదరసం ఒలికిందని అక్కడివాళ్ళు కంప్యూటర్‌లో చదువుకునే నోటీసు బోర్డులో ఎవరో సరదాగా రాస్తే కొందరు నిజం హెచ్చరికే అనుకున్నారు, ఆ గందరగోళం తర్వాత వచ్చిందిది. :-( కూడా ఏడుపు కోసం కాదు, 'ఇది జోక్ కాదు' అనడానికి. వాడేవాళ్ళే దాన్ని దిగులుగా మార్చేసుకున్నారు.

జపాన్ వాళ్ళవి తల పక్కకి వంచకుండానే చదవొచ్చు, పైగా వాళ్ళు భావమంతా కళ్ళలో పెడతారు. ^_^ నవ్వే కళ్ళు, ;_; కన్నీళ్ళు, ^_^; అయితే పక్కన చెమట బొట్టు, అంటే ఇబ్బందిగా నవ్వడం. -_- మాత్రం జాగ్రత్త, విసుక్కి పెట్టేవాళ్ళూ ఉన్నారు, నిద్ర ముంచుకొస్తోందని పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఇక ;) కన్నుగీటడం, ఆఫీసు చాట్‌లో దాని జోలికే వెళ్ళకండి, ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా అవతలివాళ్ళకి ఏదో దాస్తున్నట్టే ఉంటుంది.

నాకు నిజంగా కోపం తెప్పించేది మాత్రం టైప్ చేసినదాన్ని అడక్కుండా పసుపు బొమ్మగా మార్చే యాప్‌లు. చేయాల్సిన పనులు వరసగా రాసుకుంటూ 8 పక్కన బ్రాకెట్ పెడితే అక్కడ నల్లకళ్ళద్దాల మొహం! మెయిల్ అయితే ఇంకా ఘోరం. కొన్ని మెయిల్ సాఫ్ట్‌వేర్లు :) ని అక్షరాలకు బదులు బొమ్మలుండే వింగ్‌డింగ్స్ ఫాంట్‌లోని నవ్వు మొహంగా మార్చేస్తాయి, ఆ ఫాంట్‌లో అది కూర్చున్నది ఇంగ్లిష్ జె స్థానంలో. అవతల ఆ ఫాంట్ చూపించకపోతే వాక్యం చివర ఒంటరిగా ఒక జె మిగులుతుంది, చదివేవాళ్ళు అదెవరి పేరో అని తల పట్టుకుంటారు. ఒక మనిషి మెత్తగా చెబుదామని పెట్టుకున్న నవ్వు అది, దాన్ని మార్చే హక్కు సాఫ్ట్‌వేర్‌కి ఎవరిచ్చారు? చాలావాటిలో సెట్టింగ్స్‌లో ఈ ఆటోమేటిక్ మార్పుని ఆపేసే వీలుంది, ముందు ఆ పని చేయండి.