బస్సును ఆపేసి లెక్క చేయండి
చెన్నై పాత మహాబలిపురం రోడ్డులో గంటకు 54 కి.మీ. వేగంతో వెళ్తున్న 12 మీటర్ల బస్సును, వెనుక నుంచి 72 కి.మీ. వేగంతో వచ్చే 4 మీటర్ల కారు ఎంతసేపట్లో దాటుతుందని అడిగారు.

ముందు వేగాలను సెకనుకు మీటర్లలోకి మార్చండి: 15, 20. ఇక బస్సు కిటికీ పక్కన కూర్చున్నట్టు ఊహించుకోండి. కారు మీ పక్కనుంచి సెకనుకు 5 మీటర్లే జరుగుతుంది. అదే సాపేక్ష వేగం. దాటాల్సింది 12 కాదు, 16 మీటర్లు. కారు వెనుక బంపరు కూడా బస్సు ముందు అంచును దాటాలి కదా! మార్కులు పోయేది ఇక్కడే. 16ను 5తో భాగిస్తే 3.2 సెకన్లు. ఆలోగా రోడ్డు మీద కారు నడిచేది మాత్రం 64 మీటర్లు.

సిగ్నల్ దగ్గర ఆగిన కారు, బస్సు పక్కకు వచ్చిన క్షణంలోనే స్థిర త్వరణంతో, అంటే ప్రతి సెకనుకూ వేగం ఒకే మేర పెరిగేలా, బయలుదేరితే? అందుకునేసరికి దాని వేగం బస్సుకు సరిగ్గా రెట్టింపు, త్వరణం ఎంతైనా సరే.